గల్ఫ్‌కు పోయేవాళ్ల ‘ఇమ్మిగ్రేషన్’: అపోహలు - వాస్తవాలు

జగిత్యాల, సిరిసిల్ల, ఆర్మూర్, నిర్మల్ దిక్కు ‘ఇమ్మిగ్రేషన్ అయింది’ అంటే రెండు ఆఫీసుల పనిని కలిపి చెబుతున్నట్టే. ఏజెంటు మోసం చేసేది ఎక్కువగా ఈ రెండింటి నడుమనే.

అపోహ: ‘వీసా వచ్చింది గదా, ఇమ్మిగ్రేషన్ ఎయిర్‌పోర్టులనే అయితది.’

వాస్తవం: శంషాబాద్ కౌంటర్‌లో ముద్ర వేసేది కేంద్ర హోంశాఖ కింది ఇమ్మిగ్రేషన్ విభాగం. ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, టెన్త్ మెమో చూపనివాళ్లకు సాధారణంగా పడేది) పాస్‌పోర్టుతో పని వీసా మీద పోయేవాళ్లు అంతకుముందే విదేశాంగ శాఖ కింది ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్, అంటే పీఓఈ, దగ్గర క్లియరెన్స్ తీసుకోవాలి. ఇది 1983 ఎమిగ్రేషన్ చట్టంలోని నియమం. సౌదీ, యూఏఈ, ఖతార్, కువైట్, ఒమన్, బహ్రెయిన్, మలేషియా, ఇరాక్‌తో కలిపి 18 దేశాలకు వర్తిస్తుంది. దరఖాస్తు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో. క్లియరెన్స్ లేకుంటే కౌంటర్ దగ్గరే ఆపేస్తారు, టికెట్ పైసలూ పోతాయి.

అపోహ: ‘విజిట్ మీద పోదాం, అక్కడ వర్క్ వీసాకు మార్చుకుందాం.’

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇదే. విజిట్ వీసాకు పీఓఈ క్లియరెన్స్ అడగరు కాబట్టి ఏజెంటుకు పని సులువు, కష్టమంతా పోయినవాడిది. విజిట్ మీద పనిచేస్తూ పట్టుబడితే జరిమానా, డిపోర్టేషన్. జీతం ఎగ్గొడితే చూపడానికి కాంట్రాక్టు ఉండదు, ఈ-మైగ్రేట్‌లో పేరు ఉండదు, బీమా కూడా ఉండదు. క్లియరెన్స్‌తో వచ్చే ప్రవాసీ భారతీయ బీమా యోజనకు ప్రీమియం రెండేళ్లకు రూ.275, మూడేళ్లకు రూ.375. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం వచ్చినా రూ.10 లక్షలు. గుండెపోటు మరణానికి ఆ పది లక్షలు రావు, ఈ సంగతి ఇంట్లోవాళ్లకు ముందే తెలిసి ఉండాలి. నామినీ పేరు బ్యాంకు ఖాతాలో ఉన్నట్టే రాయించండి. పాలసీ, కాంట్రాక్టు, పాస్‌పోర్టు నకళ్లు ఇంట్లో ఒక సెట్టు పెట్టిపోండి.

అపోహ: ‘టెన్త్ పాసైన, నాకు ఈసీఆర్ ఉండది.’

వాస్తవం: మెమో ఇవ్వకుండా పాస్‌పోర్టు తీసుకుంటే ఈసీఆర్ అనే పడుతుంది. మెమో పెట్టి రీఇష్యూ చేయించుకుంటేనే అది పోతుంది.

అపోహ: ‘ఏజెంటు మన ఊరోడే, లైసెన్సు ఎందుకు?’

వాస్తవం: సబ్ ఏజెంటుకు చట్టంలో చోటే లేదు. లైసెన్సు నంబరు, గడువు ఈ-మైగ్రేట్‌లో చూడండి. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోదగిన గరిష్ఠ ఫీజు రూ.30,000, 18 శాతం జీఎస్టీ కలిపితే రూ.35,400. చేతికి నగదు ఇవ్వకుండా బ్యాంకు ద్వారా కట్టి రసీదు తీసుకోండి. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్లకైతే 30 ఏళ్లు నిండాలి. నర్సులు మినహా ఇంటి పని వంటివాటికి టామ్‌కామ్ (విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ) లాంటి ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలి.

అపోహ: ‘ఆజాద్ వీసా ఉంటే ఎక్కడన్న పనిచేసుకోవచ్చు.’

వాస్తవం: అట్లాంటి వీసా ఏ దేశమూ ఇవ్వదు. అకామా (అక్కడ ఉండే అనుమతి కార్డు) ఒక కఫీల్, అంటే స్పాన్సర్, పేర ఉండి పని ఇంకో దగ్గర చేస్తే మనిషి ఖల్లివల్లి, అంటే చట్టవిరుద్ధంగా ఉన్నవాడి, కిందే లెక్క.

అపోహ: ‘డిపోర్ట్ అయినా కొత్త పాస్‌పోర్టుతో మళ్ల పోవచ్చు.’

వాస్తవం: గల్ఫ్ ఎయిర్‌పోర్టుల్లో వేలిముద్రలు తీసుకుంటారు, యూఏఈలో కంటిపాప స్కాన్ కూడా ఉంది. పేరు మారినా పాత రికార్డు బయటపడుతుంది, అక్కడినుంచే తిప్పి పంపుతారు. నిషేధం ఎత్తేసినట్టు తేలేదాకా కొత్త వీసాకు పైసా కట్టకండి.