సముద్రం లేని ఓరుగల్లులో తీరపు పక్షుల లెక్క

సముద్రమే లేని వరంగల్‌లో ఉండి తీరంలో పక్షుల లెక్క మనకెందుకు అంటారు చాలామంది. కాకినాడ పక్కన కోరింగ మడ అడవుల దగ్గర ఓ జనవరిలో బాతులు తగ్గాయనుకోండి. నిజంగానే చచ్చి తగ్గాయా, లేక ఆ ఏడు వానలు బాగా పడి లోపలి చెరువుల్లోనే మేత దొరికి అక్కడిదాకా పోలేదా? తీరంలో ఎంతసేపు నిలబడి లెక్కపెట్టినా దీనికి జవాబు దొరకదు, అవే రోజుల్లో మన వరంగల్ వైపు పాకాల చెరువులోనో రామప్ప చెరువులోనో ఎవరో ఒకరు లెక్కపెట్టి ఉండాలి.

ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్, అంటే ఆసియాలో నీటిపక్షుల లెక్క, 1987 నుంచి ఏటా జనవరిలో చేసేది ఇదే, తీరమూ చెరువులూ అన్నీ కలిపి. పని చేసేది ఎక్కువగా వాలంటీర్లే. జనవరే ఎందుకంటే, వలస వచ్చినవి అప్పటికి ఒకచోట కుదురుకుంటాయి, తిరుగు ప్రయాణానికి ఇంకా టైమ్ ఉంటుంది, కాబట్టి ఒకే పిట్టను రెండు చోట్ల లెక్కేసే ప్రమాదం తక్కువ.

గుంపు పెద్దదైతే ఒక్కోదాన్నీ లెక్కపెట్టడం అయ్యే పని కాదు. ముందు ఓ పదింటిని లెక్కపెట్టి, అవి నీళ్ల మీద ఎంత జాగా పట్టాయో చూసుకుని, ఆ కొలతతోనే మిగతా గుంపంతా పదులు పదులుగా దాటుకుంటూ పోవాలి. పెద్ద గుంపుల దగ్గర మన కన్ను తరచుగా తక్కువే చెబుతుంది. అయినా ఏటా అదే మనిషి, అదే కట్ట మీద నుంచి, అదే పొద్దుటి వేళ చూస్తే తప్పు కూడా దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి పెరిగాయా తగ్గాయా అన్నది బయటపడుతుంది. నన్నడిగితే, ఒక్కసారి వచ్చిపోయే నిపుణుడి కన్నా చెరువు పక్క ఊరి మనిషే ఈ పనికి నయం.

పక్షులే లేకపోతే ఏం రాస్తాం అని ఉత్త చేతులతో వచ్చేస్తుంటారు కొందరు. సున్నా అని రాయాలి! లేకపోతే పదేళ్ల తర్వాత ఆ కాగితం చూసేవాళ్లకు పక్షులు రాలేదో, మనిషే పోలేదో తెలియదు. నీళ్ల సంగతీ రాయాలి: మత్తడి పోస్తోందా, అంచున బురద తేలిందా, గుర్రపుడెక్క కమ్మిందా అని. నీటికాకులు లోతు నీళ్లలో మునిగి చేపలు పడతాయి, బురదలో ముక్కు గుచ్చి తినే ఉల్లంకి పిట్టలకు మాత్రం నిండు చెరువులో నిలబడే చోటే ఉండదు, అంటే అవి కనిపించనంత మాత్రాన అంతరించినట్టు కాదు.

బైనాక్యులర్స్, ఒక నోట్‌బుక్ ఉంటే మొదలుపెట్టొచ్చు. పేరు తెలియకపోతే "ఏదో బాతు" అనే రాయండి, ఫోన్‌లో దగ్గరగా కనిపించిన పేరు మాత్రం తగిలించొద్దు.