ఒంటికాలి మీద కావడి

"మేస్టారూ, కుడి తుంటి పక్కన ఎముక పొడుచుకొచ్చినట్టు ఉంటుంది చూడండి, సరిగ్గా అక్కడ ఆరు నెలలుగా నొప్పండి. పగలు ఎలాగోలా తిరిగేస్తాను. రాత్రి ఆ పక్కకి తిరిగితే మాత్రం ప్రాణం పోతోంది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. మా అత్తగారేమో వాతం అంటున్నారు. నిజమేనాండీ?"

కోనసీమలో ఓ లంక ఊరి నుంచి ఒకావిడ ఫోన్‌లో అడిగిన మాట ఇది. ఆవిడకి 52 ఏళ్లు. రోజూ చేలగట్ల మీద నడిచి కొబ్బరితోటకి వెళ్లొస్తారు. నేను డాక్టర్ని కాను, ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. కానీ ఇదే నొప్పి నాకూ ఎడమవైపు వచ్చింది. నడుం నొప్పనుకుని ఏడాది పాటు నడుముకి వైద్యం చేయించుకున్నాను. ఆ తర్వాతే తెలిసింది, నా నొప్పి నేను పాఠం చెప్పిన లెక్కలోనే ఉందని.

తుంటి కీలు అరిగితే నొప్పి ఎక్కువగా గజ్జల్లో వస్తుంది. నరం నొక్కుకుంటే పాదం దాకా లాగుతుంది, తిమ్మిరెక్కుతుంది. పక్క ఎముకని వేలితో నొక్కగానే "అమ్మో" అన్నారంటే, అర నిమిషం ఆ కాలి మీద నిలబడగానే నొప్పి లేచిందంటే, అనుమానించాల్సింది అక్కడ అతుక్కున్న స్నాయుబంధనాన్ని. కండరాన్ని ఎముకకి కట్టే తాడు అది. (ఎముకని ఎముకకి కట్టేది సంధిబంధనం. ఈ రెంటినీ చాలామంది తారుమారు చేస్తుంటారు.) పిర్ర పక్కనుండే గ్లూటియస్ మీడియస్, మినిమస్ అనే రెండు కండరాల తాళ్లు ఆ ఎముక మీదే దిగుతాయి. 40 దాటిన ఆడవాళ్లలో ఈ బాధ ఎక్కువ. ఒకప్పుడు దీన్ని నీటితిత్తి (తాడు ఎముకకి ఒరుసుకోకుండా మధ్యలో ఉండే మెత్తటి సంచి) వాపు అనేవారు. స్కాన్లు వచ్చాక చూస్తే చాలామందిలో చెడింది తిత్తి కాదు, తాడు.

ఇక కావడి దగ్గరికొద్దాం. ఒక తట్టలో పది కొబ్బరికాయలు, రెండోదాంట్లో ఇరవై ఉంటే కావడి మోసేవాడు ఏం చేస్తాడు? బద్దని భుజం మీద జరిపి, బరువు తట్ట ఉన్న వైపు పొట్టి చేసుకుంటాడు. ఒంటికాలి మీద నిలబడ్డప్పుడు మన కటి ఎముకే ఆ బద్ద, తుంటి కీలే భుజం. 60 కిలోల మనిషిలో నిలబడ్డ కాలి బరువు ఆరో వంతు తీసేస్తే మిగిలిన 50 కిలోలు కీలుకి లోపలివైపు సుమారు 10 సెంటీమీటర్ల దూరంలో వేలాడుతున్నాయి. బయటివైపు పట్టి ఉంచే కండరం కీలుకి 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంది. 50ని 10తో గుణించి 5తో భాగించండి. 100 కిలోలు! ఆ లాగుడంతా మన తాడు మీదే. భుజం రెండు తట్టల్నీ మోయాలి కాబట్టి కీలు మీద 150. నడకంటే ఒక కాలి తర్వాత ఇంకో కాలి మీద నిలబడటమే కదా, అడుగడుగునా ఇదే లెక్క.

చేతికర్ర ఏ చేతిలో పట్టుకోవాలో ఈ లెక్కే చెబుతుంది. మనవాళ్లలో చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. తప్పు! కుడి తుంటి నొప్పైతే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. అక్కడి నుంచి కుడి కీలుకి సుమారు 40 సెంటీమీటర్లు. కర్ర మీద 5 కిలోలు ఆనిస్తే చాలు, 5 ఇంటూ 40 బై 5, తాడు మీద 40 కిలోలు తగ్గిపోతాయి. నీళ్ల బకెట్‌కి ఇది తిరగబడుతుంది. "నొప్పున్న వైపు మొయ్యకమ్మా" అంటారు పెద్దలు. కానీ ఎడమ చేత్తో 10 కిలోల బకెట్ పట్టుకుంటే కుడి తాడు మీద ఇంకో 80 కిలోలు పడతాయి. మొయ్యక తప్పనప్పుడు నొప్పున్న వైపే పట్టుకోండి. కుంటేవాళ్లు ఒళ్లంతా నొప్పి వైపుకి ఒరిగించి నడవడం కూడా ఇదే లెక్క. బరువుని కీలు దగ్గరికి తెచ్చి ఆ వైపు బద్దని పొట్టి చేస్తోంది శరీరం. దానికి ఫిజిక్స్ ఎవరూ నేర్పలేదు.

లాగుడొక్కటే అయితే తాడు తట్టుకునేది. రేవులో గుంజకి కట్టిన పడవ తాడు చూడండి, అది పీచులేచేది గుంజకి ఒరుసుకునే చోట. మన తాడుకి గుంజ ఆ పక్క ఎముక. పైనుంచి మోకాలి దాకా దిగే ఐటీ బ్యాండ్ అనే మందపు పట్టీ దాన్ని ఎముకకేసి అదుముతుంది. కాలు శరీరం మధ్యకి వచ్చేకొద్దీ అదుముడు పెరుగుతుంది. కాలు మీద కాలేసుకోవడం, చంకలో బిడ్డనెత్తుకుని తుంటి పక్కకి తోసి నిలబడటం అన్నీ అంతే. సన్నటి గట్టు మీద పాదం ముందు పాదం వేసి నడవడమూ అంతే! గట్ల సంగతి ఆవిడకి చెబితే కాసేపు మాట్లాడలేదు.

అదిమిన చోట తాడు లోపల కణాలు గుణం మార్చుకుంటాయి. ప్రోటియోగ్లైకాన్లనే నీటిని పట్టి ఉంచే పదార్థాలు పెరిగి నీరు పీల్చి తాడు ఉబ్బుతుంది, తాడుకి పీచులాంటి కొల్లాజెన్ అనే ప్రోటీన్‌లో ఒకటో రకం వరసలు చెదిరి మూడో రకం చేరుతుంది. బాగుపడాలంటే ఆ కణాలకి లాగుడు తగలాలి, అదుముడు తగలకూడదు. పూర్తిగా మంచమెక్కితే తాడు ఇంకా బలహీనమవుతుంది.

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో తన్నించుకుంటే పోతుందని మా వీధిలో ఇద్దరు సలహా ఇచ్చారు. నొప్పి ఉన్నది సరిగ్గా తన్నే చోటేనండీ బాబూ! వీడియోలు చూసి మోకాలిని ఛాతీ మీదుగా అవతలి పక్కకి లాగి సాగదీయడం కూడా అదుముడే. మానేయండి.

ఫిజియోథెరపిస్టు నాతో మొదట చేయించింది చూస్తే నవ్వొచ్చింది. వెల్లకిలా పడుకుని, మోకాళ్ల చుట్టూ తువ్వాలు కట్టి, కాళ్లు కదలకుండా మెల్లగా బయటికి నెట్టడం. ఆ తర్వాత మోకాళ్లు మడిచి నడుం పైకెత్తడం, కుర్చీలోంచి నెమ్మదిగా లేవడం, రబ్బరు పట్టీతో పక్కకి అడుగులు. బరువు పడ్డ తొలి ఒకటిన్నర రోజు కొల్లాజెన్ తెగడమే ఎక్కువ, కట్టుకోవడం ఆ తర్వాత. అందుకే బరువైన వ్యాయామాలు రోజు విడిచి రోజు. చేసేటప్పుడు కాస్త నొప్పి ఉండొచ్చు, ఆ రాత్రి నొప్పి పెరిగితే మాత్రం మోతాదు తగ్గించాలి.

ఇంజెక్షన్ సంగతి. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆస్ట్రేలియావాళ్ల అధ్యయనం ఒకటి వచ్చింది. ఇదే నొప్పి ఉన్న 204 మందిని మూడు జట్లు చేశారు. 8 వారాలకి బాగుందన్నవాళ్లు జాగ్రత్తలూ వ్యాయామమూ జట్టులో 77 శాతం, స్టెరాయిడ్ ఇంజెక్షన్ జట్టులో 58, ఊరికే వేచి చూసిన జట్టులో 29. ఏడాదికి 79, 58, 52. నొప్పి తీవ్రత వరకే చూస్తే ఏడాది నాటికి మొదటి రెంటికీ తేడా లేదు, అదీ చెప్పాలి.

పడ్డాక కాలు మోపలేకపోయినా, జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ఈ వ్యాసం పక్కనపెట్టి డాక్టర్ దగ్గరికెళ్లండి.

ఆవిడ మళ్లీ ఫోన్ చేశారు. ఎడమ పక్కకి తిరిగి పడుకున్నా నొప్పేనట. పైనున్న కుడి కాలు ముందుకి జారిపోతోంది కాబట్టే అది. మోకాళ్ల మధ్య లావుపాటి దిండు పెట్టుకోమన్నాను. "మరి తోటకి వెళ్లొచ్చాండీ?" అన్నారు. వెళ్లమన్నాను, గట్టు మీద నుంచి కాకుండా కాలువ రోడ్డు మీదుగా చుట్టు తిరిగి, పాదాలు కాస్త ఎడంగా వేసుకుంటూ.