పచ్చ టిక్కు పడితే పాఠం వచ్చినట్టేనా? ఆన్‌లైన్ చదువుపై అపోహలు - వాస్తవాలు

మొన్నామధ్య రాత్రి పదింటికి ఒక తండ్రి ఫోన్ చేశారు. చీరాలలో బట్టల కొట్టు ఆయనది. కొడుకు నా దగ్గర ఎనిమిదో తరగతి లెక్కలు ఆన్‌లైన్‌లో నేర్చుకుంటున్నాడు. "సార్, మావాడు మీ వీడియో ఒక్కటి కూడా వదల్లేదు. యాప్‌లో అన్నిటికీ పచ్చ టిక్కులే. యూనిట్ టెస్టులో మాత్రం 25కి 9 వచ్చాయి. లోపం వాడిలో ఉందా, ఇంకెక్కడైనా ఉందా?" అన్నారు. కోపంగా అడగలేదు. పదో తరగతికొచ్చేసరికి వీడేమైపోతాడోనన్న భయం గొంతులో తెలుస్తూనే ఉంది.

ఫోన్ స్పీకర్లో పెట్టమన్నాను. "వెయ్యి రూపాయల చీర ధర 20 శాతం పెంచారు. అమ్ముడుపోలేదు. పెంచిన ధర మీద 20 శాతం తగ్గించారు. ఇప్పుడెంత?" అని అబ్బాయిని అడిగాను.

"మళ్ళీ వెయ్యే సార్."

వెనక నుంచి తండ్రి నవ్వు. "ఒరేయ్, 960 రా! నలభై పోయింది."

ఈ లెక్క నా వీడియోలో ఉంది. వాడు దాన్ని చూశాడు, చూస్తున్నప్పుడు అర్థమైంది కూడా. చిక్కంతా అక్కడే ఉంది.

అపోహ: వీడియో మొత్తం చూస్తే పాఠం వచ్చేసినట్టే.

పదేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. పిల్లలకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసిన నమ్మకం ఇదే. వీడియో చివరిదాకా నడిచిందనే పచ్చ టిక్కు చెబుతుంది. ఎదురుగా కూర్చున్నవాడి బుర్రలో ఏం జరిగిందో దానికి తెలియదు. ఐఐటీలు నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటెల్. దాని సర్టిఫికెట్ కోర్సుల్లో మార్కులు ఎలా వేస్తారో చూడండి: అసైన్‌మెంట్లకు 25 శాతం, కేంద్రానికి వెళ్ళి రాసే పరీక్షకు 75 శాతం. వీడియో చూసినందుకు ఒక్క మార్కు కూడా లేదు.

రోడిగర్, కార్పికి అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఒక గుంపు ఒకే పాఠాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో గుంపు ఒక విడత చదివి, మిగతా మూడు విడతలూ చూడకుండా గుర్తుచేసుకుని రాసింది. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్ళదే పైచేయి: వాళ్ళకు 83 శాతం గుర్తుంది, రాసినవాళ్ళకు 71. వారం తర్వాత తిరగబడింది. చదివినవాళ్ళకు మిగిలింది 40 శాతం, రాసినవాళ్ళకు 61. మన పిల్లలు వీడియోను మళ్ళీ మళ్ళీ చూసి "వచ్చేసింది" అనుకునేది ఆ మొదటి అయిదు నిమిషాల్లోనే.

తల్లిదండ్రుల్నే ఎందుకు అనాలి, నేనూ ఇదే గోతిలో పడ్డాను. 2020లో లాక్‌డౌన్ వచ్చాక రింగ్ లైటు, గ్రీన్ స్క్రీన్ కొన్నాను. సమీకరణాల పాఠంలో రాకెట్ ఎగిరే యానిమేషన్ ఒకటి పెట్టాను. దాని మీద మూడు రాత్రులు నిద్ర మానుకున్నాను. వారం తర్వాత ఒక పాపను "సమీకరణానికి రెండు వైపులా ఏం చేయాలమ్మా?" అని అడిగితే "రాకెట్ భలే ఉంది సార్" అంది. ఆ పాప తప్పేం లేదు. నేను బొమ్మ చూపించాను, తను బొమ్మే చూసింది. ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ వేదిక కోర్సుల్లో దాదాపు 69 లక్షల సార్లు వీడియోలు చూసిన రికార్డుల్ని పరిశీలించి 2014లో ఒక అధ్యయనం వచ్చింది. ఖర్చుపెట్టి స్టూడియోలో తీసినవాటికంటే మామూలుగా డెస్కు ముందు కూర్చుని చెప్పినవి, స్లైడ్లు చూపించినవాటికంటే టాబ్లెట్ మీద చేత్తో రాస్తూ చెప్పినవి చూసేవాళ్ళని ఎక్కువ కూర్చోబెట్టాయట. రింగ్ లైటు ఇప్పుడు మా ఆవిడ టైలరింగ్ మిషన్ దగ్గర ఉంది, అక్కడ బాగానే పనికొస్తోంది.

మరి ఇప్పుడు ఏం చేస్తున్నాను? చీర లెక్కనే తీసుకోండి. జవాబు చెప్పకముందే పోల్ పెడతాను: 1000, 1040, 960, 980. తప్పు జవాబులు గాలిలోంచి తేను, పిల్లలు నిజంగా చేసే తప్పుల్లోంచే ఏరుకుంటాను. పోల్ పెట్టాక నేను నోరు మూసుకోవాలి. అదే అన్నిటికన్నా కష్టం. ఆన్‌లైన్‌లో పది సెకన్ల నిశ్శబ్దం వస్తే నెట్ పోయిందేమోనని టెన్షన్. అయినా ముప్పై సెకన్లు లెక్కపెట్టుకుంటాను. నిరుడు ఒక బ్యాచ్‌లో 37 మందిలో 22 మంది 1000 నొక్కారు. జవాబు 960 అనగానే చాట్‌బాక్స్ నిండా "ఎలా సార్?" "ఎలా సార్?". ఇరవై శాతం దేని మీద అన్నది అప్పుడు చెబితే వింటారు. అదే విషయం ముందే చెబితే తలూపి మరిచిపోతారు.

ఒక మాట దాచకూడదు. ఇలా చెబితే పిల్లలకు మొదట్లో నచ్చదు. "ఆ సార్ అయితే గడగడా చెప్పేస్తారు, అంతా అర్థమవుతుంది, ఈయన ఊరికే అడుగుతుంటాడు" అంటారు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ విద్యార్థుల మీద చేసిన పరిశీలన 2019లో వచ్చింది. తమతో పని చేయించిన క్లాసులో వాళ్ళు ఎక్కువ నేర్చుకున్నారు. కానీ చక్కటి లెక్చర్ విన్నప్పుడే ఎక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు. కాబట్టి "క్లాసు ఎలా ఉంది?" అని పిల్లల్ని అడిగి ఫీజు కట్టాలా మానాలా తేల్చుకోకండి.

అపోహ: "అర్థమైందా?" అంటే "యెస్ సార్" అన్నారు, కాబట్టి అర్థమైనట్టే.

నలభై "యెస్ సార్"లు రెండు సెకన్లలో వస్తాయి. నేను ఒకసారి కావాలనే ఒక లెక్క తప్పుగా చేసి "అర్థమైందా?" అని అడిగాను. నలభై యెస్‌లూ వచ్చాయి. ఆ ప్రశ్న అడగడం ఆ రోజే మానేశాను.

అపోహ: కెమెరా ఆన్‌లో ఉంటేనే పిల్లవాడు వింటున్నట్టు.

దీని మీద స్కూళ్ళు చేసే రాద్ధాంతం చూస్తే విసుగొస్తుంది. నా క్లాసులో ఒక అమ్మాయి ఏడాది పొడుగునా కెమెరా పెట్టలేదు, మైకు తీయలేదు. ఒకే గదిలో అయిదుగురు, తమ్ముడితో పంచుకునే ఫోను. క్లాసు అయిన గంటకల్లా నోట్‌బుక్ పేజీలు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టేది, కొట్టివేతలతో సహా. ఆ కొట్టివేతలు చూస్తే ఎక్కడ తడబడిందో నాకు తెలిసిపోయేది. కెమెరాలో కళ్ళార్పకుండా చూస్తూ కింద గేమ్ ఆడేవాళ్ళ గురించి నాకు తెలిసేది మాత్రం తక్కువ.

అపోహ: మావాడు విజువల్ లెర్నర్, వాడికి బొమ్మలతోనే చెప్పాలి.

పిల్లల్ని ఇలా రకాలుగా విడదీసి చెబితే బాగా వస్తుందనడానికి గట్టి ఆధారం లేదని 2008లోనే పరిశోధకులు తేల్చారు. త్రిభుజానికి ఎవరికైనా బొమ్మ కావాలి. ఎక్కం ఎవరైనా నోటితో అనాలి. అంతే.

అపోహ: పాయింట్లు, బ్యాడ్జీలు పెడితే ఆసక్తి అదే వస్తుంది.

ఓ వారం పాటు ఉంటుంది. తర్వాత పాయింట్లలో ముందున్న ముగ్గురికే మిగులుతుంది.

అపోహ: మంచి ఫోను, మంచి నెట్ లేకపోతే ఆన్‌లైన్ చదువు దండగ.

ఫోను లేకపోతే ఇబ్బందే, కాదనను. కానీ 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్ళలో పాఠాలు వచ్చినప్పుడు, సర్కారు బడిలో పనిచేసే నా మిత్రుడొకడు రోజూ సాయంత్రం ఆరుగురికి మామూలు ఫోన్ చేసి, పాఠంలోంచి ఒక్క ప్రశ్న అడిగేవాడు. ఏ ఆరుగురో ముందు చెప్పేవాడు కాదు. అందుకని అందరూ టీవీ ముందు పెన్ను పట్టుకునే కూర్చునేవారు.

చీరాల ఆయనకు ఆ రాత్రి ఒక్కటే చెప్పాను: టిక్కులు చూడటం మానేయండి, రాత్రి కొట్టు కట్టేశాక మీ లెక్కల్లోంచి ఒకటి తీసి, పుస్తకం మూయించి అడగండి. రెండు వారాలకు ఫోన్ వచ్చింది. ఈసారి అబ్బాయే చేశాడు. "సార్, ముందు 20 శాతం తగ్గించి తర్వాత 20 పెంచినా 960 యే వస్తోంది. ఎందుకు సార్?"

నేను చెప్పలేదు. బుధవారం క్లాసులో అదే పోల్.