పాత మిలిటరీ రైఫిళ్లకు తూటాల రీలోడింగ్: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో సొంత వాడకానికి రీలోడింగ్ (పేలిన తూటా ఖాళీ గుల్లలో కొత్త పేలుడు మందు, అంటే పౌడర్, బుల్లెట్ పెట్టి మళ్లీ వాడటం) చేసుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇండియాలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. అక్కడున్నవాళ్లు దీని జోలికి పోవద్దు.

అపోహ: రైఫిల్ పేరులో ఏ సైజు ఉంటే ఆ బుల్లెట్ సరిపోతుంది.

వాస్తవం: ఇటలీ సైన్యపు కార్కానో రైఫిల్‌ను 6.5 (మి.మీ.) అంటారు. మిగతా 6.5 రైఫిళ్ల బుల్లెట్ 0.264 అంగుళాలు, దీనికి కావలసింది 0.268. సన్న బుల్లెట్ వేస్తే గురి చెదురుతుంది, నింద మాత్రం రైఫిల్ మీద పడుతుంది. మంచి రైఫిల్‌ని ఇలా చెత్త అంటుంటే నాకు బాధేస్తుంది. జర్మన్ 8 మి.మీ. విషయంలో ఏకంగా ప్రాణాపాయమే. 1888 మోడల్‌కు మొదట వాడినది 0.318 బుల్లెట్, 1905 నాటికి వచ్చినది 0.323. సన్న బారెల్లో లావు బుల్లెట్ పేలిస్తే ప్రెషర్ ఒక్కసారిగా పెరిగిపోతుంది. రైఫిల్ మీది ముద్రలు చూసి నమ్మకండి. మెత్తటి సీసపు ముక్కను ఖాళీ బారెల్లో ఈ చివర నుంచి ఆ చివరకు తోసి, మైక్రోమీటర్‌తో కొలవండి.

అపోహ: తూటా కేసు (ఇత్తడి గుల్ల) పైకి బాగానే ఉంది, ఇంకోసారి వాడొచ్చు.

వాస్తవం: .303 లీ-ఎన్‌ఫీల్డ్ వాడేవాళ్లు ఇది జాగ్రత్తగా చదవాలి. బురద అంటిన తూటా కూడా దూరాలని యుద్ధకాలంలో చాంబర్లను (బారెల్ మొదట్లో తూటా కూర్చునే గూళ్లను) వదులుగా చేశారు. పైగా బోల్ట్ (చాంబర్‌ను వెనక నుంచి మూసే కడ్డీ) లాక్ అయ్యేది వెనక భాగంలో, కాబట్టి పేలినప్పుడు అది కొంచెం వంగుతుంది. ఈ రెంటివల్లా ఇత్తడి కేసు సాగి, అడుగుకు కాస్త పైన గోడ పల్చబడుతుంది. బయట అక్కడ సన్నటి మెరుపు గీత కనిపిస్తుంది. అది కనిపించకపోయినా, కొన వంచిన తీగతో లోపలి గోడను అడుగు నుంచి పైకి గీకి చూడండి. తీగ ఎక్కడైనా గాడిలో పడినట్టు తగిలితే ఆ కేసు చెత్తలోకే. లేదంటే చాంబర్లోనే రెండు ముక్కలై, వేడి గ్యాస్ ముఖం మీదికి వచ్చే ప్రమాదం ఉంది. కేసు మొత్తాన్ని డైలోకి (కేసును మళ్లీ సరైన సైజుకు తెచ్చే అచ్చులోకి) నొక్కకుండా మెడ మాత్రమే సైజు చేసి, మళ్లీ అదే రైఫిల్లో వాడితే సాగడం చాలా తగ్గుతుంది.

అపోహ: పాత రైఫిల్ కదా, మందు ఎంత తగ్గిస్తే అంత సేఫ్.

వాస్తవం: కాదు. నెమ్మదిగా మండే పౌడర్‌ను పెద్ద కేసులో మరీ తక్కువ పోస్తే ప్రెషర్ ఊహించనంతగా పెరగొచ్చు. రీలోడింగ్ మాన్యువల్లో ఇచ్చిన కనీస మోతాదు కంటే కిందికి దిగొద్దు. లైట్ లోడ్ కావాలంటే, అలాంటి లోడ్ ఏ పౌడర్‌కు ఇచ్చారో అదే వాడండి.

అపోహ: చౌకగా దొరికిన సర్‌ప్లస్ (సైన్యం వదిలించుకున్న మిగులు) తూటాల కేసులన్నీ రీలోడ్ అవుతాయి.

వాస్తవం: ప్రైమర్ (మందును అంటించే చిన్న మూత) రకాన్ని బట్టి కేసులు రెండు రకాలు: బాక్సర్, బెర్డాన్. కేసులోకి టార్చి వేసి చూడండి. మధ్యలో ఒకే రంధ్రం ఉంటే బాక్సర్, పక్కపక్కనే రెండు చిన్నవి ఉంటే బెర్డాన్. బెర్డాన్ కేసును మామూలు డైలో పెడితే, పాత ప్రైమర్‌ను బయటికి తోసే పిన్ను విరుగుతుంది. ఆ పాత ప్రైమర్లు చాలావాటిలో పొటాషియం క్లోరేట్ ఉంటుంది. పేలాక మిగిలే ఉప్పు తేమను లాగి బారెల్‌ను తుప్పు పట్టిస్తుంది. నూనెతో తుడిస్తే ఆ ఉప్పు పోదు. అదే రోజు వేడినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే నూనె రాయండి.