కల్పిత రాజధానులు: కట్టేటప్పుడూ కూల్చేటప్పుడూ ఎదురయ్యే అపోహలు

నేను మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బల్లార్షాలో ఉంటూ తెలుగులో కాల్పనిక నవలలు రాస్తాను. ఇప్పుడు రాస్తున్న నవలకు కేంద్రం 'ఏడుతూముల' అనే రాజధాని. ఒక పెద్ద చెరువును నమ్ముకుని పుట్టి, మూడు వందల ఏళ్లు వెలిగి, ఆరిపోయిన నగరం. అది ఏ పటంలోనూ లేదు. అయినా అది పోయినప్పుడు పాఠకుడి గుండె కలుక్కుమనాలంటే, అంతకుముందు అది అతని కళ్లెదుట నిజంగా బతికి ఉండాలి. కొత్తగా రాసేవారి చిత్తుప్రతుల్లో ఈ బతుకుకు అడ్డుపడే అపోహలు కొన్ని మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

అపోహ: రాజధాని ఒక్క యుద్ధంతో కూలిపోతుంది.

వాస్తవం: 1565 జనవరిలో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగరాన్ని దోచి తగలబెట్టారు. రాజ్యం మాత్రం ఆగలేదు. ఆరవీటి రాజులు పెనుకొండకు, ఆపై చంద్రగిరికి మారి కొన్ని తరాలు ఏలారు. ఢిల్లీని 1398లో తైమూరు, 1739లో నాదిర్ షా కొల్లగొట్టారు. ఢిల్లీ మళ్లీ లేచింది. అక్కడి గద్దె మీద ఎవరో ఒకరు తిరిగి కూర్చున్నారు. హంపీలో ఆస్థానం మళ్లీ నిలదొక్కుకోలేదు. ఆస్థానం వెళ్లిపోయాక నగలు చేసేవాడికి, గుర్రాలు అమ్మేవాడికి, నాట్యగురువుకు అక్కడ పనేముంది? అందుకే యుద్ధం ముగిసిన అధ్యాయం తర్వాతే అసలు పతనం మొదలుపెట్టాలి. ఎవరు ముందుగా మూట కట్టుకున్నారు, ఎవరికి వెళ్లే స్తోమత లేకపోయింది అన్నది అక్కడ తేలాలి.

అపోహ: మంత్రశక్తి ఉన్న లోకంలో తిండికీ నీళ్లకూ లెక్కలు అక్కర్లేదు.

వాస్తవం: లక్ష మంది ఉన్న నగరం అనుకోండి. మనిషికి రోజుకు అర కిలో గింజలు వేసుకున్నా యాభై టన్నులు కావాలి. ఎడ్లబండికి అర టన్ను చొప్పున, రోజూ వంద బండ్లు కోటద్వారం దాటి లోపలికి రావాలి. బండి రోజుకు పాతిక కిలోమీటర్లు నడిస్తే గొప్ప, పైగా దారి పొడవునా ఎడ్లూ తింటాయి. దక్కనులో సైన్యాల వెంట ధాన్యాన్ని, ఉప్పును మోసినవి బంజారాల ఎడ్ల బారులే. అలాంటి బారులు రెండు నెలలు రాకపోతే శత్రువు గోడను తాకనక్కర్లేదు.

నీటి సంగతి ఇంకా లోతైనది. విజయనగర కాలంలో తుంగభద్ర నుంచి తవ్విన కాలువల్లో కొన్నిటి కింద ఈనాటికీ పంట పండుతోంది. రాజధాని పోయినా, ఆ నీటితో పని ఉన్న రైతులు పోలేదు కాబట్టి కాలువ బతికింది. ఏడుతూములలో నేను దీన్ని తిరగేశాను. ఆ చెరువుకు కాపలాగా ఒక జలదేవత ఉంది. ఆమె వరదను ఆపగలదు, తూము మాత్రం తెరవదు. అది చెరువు నీళ్లు వదిలే కాపరి అయిన నీరటి పని. యుద్ధ ఖర్చులు పెరిగినప్పుడు రాజు మొదటి తూము నీరటి మాన్యాన్ని, అంటే ఆ పనికి బదులుగా ఇచ్చిన భూమిని, లాక్కుంటాడు. పూడిక పేరుకుంటుంది, తూము మూసుకుపోతుంది, దాని కింది పొలాలు బీడు పడతాయి, పన్ను తగ్గుతుంది. ఆ లోటు తీర్చుకోవడానికి రెండో నీరటి మాన్యం మీద కన్ను పడుతుంది. ఏడో తూము దాకా వచ్చేసరికి నాలుగు తరాలు గడుస్తాయి. కత్తి దూసినవాడు ఒక్కడూ లేని ఈ భాగమే నవల మొత్తంలో నాకు అన్నిటికన్నా ప్రియమైనది.

అపోహ: నగరం పుట్టుక కథ ఇంతవరకు ఎవరూ విననిదై ఉండాలి.

వాస్తవం: ఖాండ్క్యా బల్లాళ్ షా అనే గోండు రాజు వేటకుక్కను, నుదుట తెల్లమచ్చ ఉన్న కుందేలు తరిమిందని, ఆ చోటనే చంద్రపూర్ కోట కట్టారని మా వైపు చెబుతారు. కుక్కల మీద తిరగబడిన కుందేలు కథే విజయనగరానికీ ఉంది, అహ్మదాబాదుకూ ఉంది. 'ఈ నేల బలహీనుడికి కూడా ధైర్యం ఇస్తుంది' అని కొత్తగా గద్దెనెక్కిన వంశం చాటుకోవడానికి అంతకన్నా మంచి కథ దొరకదు. కాబట్టి కథ పాతదైనా దిగులు పడకండి. దాన్ని ఎవరు ఎవరికి చెబుతున్నారు, చెప్పించి ఏం సాధిస్తున్నారు అన్నదాని మీద శ్రద్ధ పెట్టండి. ఏడుతూములలో పుట్టుక కథను రాజు కొలువులో ఒకలా, చెరువు తవ్విన కూలీల వాడలో మరోలా చెబుతారు. నగరం చివరికి ఆ చీలిక వెంటే విడిపోతుంది.

అపోహ: పతనానికి శాపం ఒక్కటే కారణంగా చాలు.

వాస్తవం: ఒకప్పుడు పశ్చిమ గాంగుల రాజధాని అయిన తలకాడు ఇసుకలో కూరుకుపోయింది. కావేరిలో దూకి ప్రాణం విడిచిన అలమేలమ్మ అనే రాణి శాపమే కారణమని జనం అంటారు. ఇసుకను తెచ్చింది కావేరీ, గాలీ. శాపాన్ని పాత్రల నోట తప్పకుండా ఉంచండి. నష్టపోయినవారు తమ దుఃఖానికి ఇచ్చుకున్న రూపం అది. రచయితకు మాత్రం ఇసుక ఎటు నుంచి వచ్చిందో తెలిసి ఉండాలి.

అపోహ: రాజధాని అంతా ఒకే భాష మాట్లాడుతుంది.

వాస్తవం: బల్లార్షా వంటి చిన్న పట్టణంలోనే మరాఠీ, హిందీ, తెలుగు, గోండీ వినిపిస్తాయి. అధికారం ఉన్నచోటికి నలుదిక్కుల నుంచీ మనుషులు రాకుండా ఉంటారా?

అపోహ: పడిపోయిన రాజధానిలో శిథిలాలు, గబ్బిలాలే మిగులుతాయి.

వాస్తవం: గోండు రాజుల గద్దె సిర్పూర్ నుంచి బల్లార్షాకు, అక్కడి నుంచి చంద్రపూర్‌కు మారిందని సంప్రదాయ కథనం. 1751లో ఆ రాజ్యం నాగపూర్ భోంస్లేల చేతికి పోయింది. అయినా చంద్రపూర్ జట్‌పురా ద్వారం చుట్టూ రోజంతా రద్దీయే. వార్ధా నది ఒడ్డున పాత కోట ఉన్న బల్లార్షా, బొగ్గు గనులతో, కాగితం మిల్లుతో బతుకుతోంది. మీ నగరం పడిపోయిన వందేళ్లకు అక్కడ ఎవరెవరు ఉన్నారో, నవలలో వాడకపోయినా సరే, ఒక పేజీ రాసుకోండి. రాజభవనం రాళ్లు ఎవరి ఇంటికి మెట్లయ్యాయి, పూడిన చెరువు నేలలో ఏ పంట వేస్తున్నారు, దాని పన్ను ఇప్పుడు ఎవరికి కడుతున్నారు?