నిలబడి చూసే హక్కు: ఫుట్‌బాల్ స్టాండ్ల హోరు వెనక నూరేళ్ల కథ

2022 జనవరి 2న లండన్‌లోని స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జ్ మైదానంలో చెల్సీ, లివర్‌పూల్ తలపడ్డాయి. మ్యాచ్ 2-2తో డ్రా అయింది. అయితే ఆ రోజు అసలు వార్త స్కోరు కాదు. ఇంగ్లండ్ పై స్థాయి ఫుట్‌బాల్‌లో పాతికేళ్లకు పైగా గడిచాక అభిమానులు చట్టబద్ధంగా నిలబడి చూసిన మొదటి మ్యాచ్ అది.

‘చట్టబద్ధంగా’ అని ప్రత్యేకంగా చెప్పాల్సి వస్తోంది. ఎందుకంటే చట్టం కూర్చోమన్నా గోల్ వెనక జనం ఏనాడూ బుద్ధిగా కూర్చోలేదు. కుర్చీ ముందు లేచి నిలబడేవారు. సిబ్బంది వచ్చి కూర్చోమంటే కూర్చునేవారు, వాళ్లు అటు తిరగ్గానే మళ్లీ లేచేవారు. ఈ దాగుడుమూతలు అన్నేళ్లూ నడిచాయి.

కూర్చోవడమా, నిలబడటమా అన్నదానికి ఇంత రాద్ధాంతం ఎందుకని బయటివాళ్లకు అనిపిస్తుంది. స్టేడియంలో హోరు అభిమానుల గుండెల్లోంచి దానంతట అదే పుట్టుకొస్తుందని మనం అనుకుంటాం. కొంతవరకు నిజమే. కానీ పక్కన ఎవరు ఉన్నారు, టికెట్టు ధర ఎంత, నెత్తిమీద కప్పు ఉందా, మైదానం ఎంత దగ్గర అన్నవన్నీ కలిసి ఆ హోరును పెంచుతాయి లేదా నొక్కేస్తాయి. గత నూరేళ్లలో వీటి మీద తీసుకున్న నిర్ణయాల్లో చాలావరకు వేరే కారణాలతో తీసుకున్నవే. హోరు మీద వాటి ప్రభావం ఏమిటో తర్వాత తెలిసొచ్చింది.

1900 జనవరిలో దక్షిణాఫ్రికాలోని స్పియోన్ కాప్ అనే కొండ మీద బ్రిటిష్ సైన్యం బోయర్ల (అక్కడ స్థిరపడిన డచ్చి సంతతివాళ్ల) చేతిలో ఘోరంగా దెబ్బతింది. చనిపోయినవాళ్లలో ఇంగ్లండ్ వాయవ్య ప్రాంతపు రెజిమెంట్ల సైనికులు చాలామంది ఉన్నారు. 1906లో లివర్‌పూల్ క్లబ్ తన ఆన్‌ఫీల్డ్ మైదానంలో ఒక గోల్ వెనక ఎత్తయిన మెట్ల గ్యాలరీ కట్టినప్పుడు, స్థానిక పత్రిక క్రీడా సంపాదకుడు ఎర్నెస్ట్ ఎడ్వర్డ్స్ దానికి ఆ కొండ పేరే సూచించాడు. 1928లో కప్పు వేశారు. వేల గొంతుల శబ్దం ఆకాశంలోకి పోకుండా ఆ కప్పుకు తగిలి మైదానం మీదికి మళ్లింది.

ఆ కాప్‌లో సీటు నంబర్లు లేవు. గేటు దగ్గర డబ్బులిచ్చి లోపలికి వెళ్లడమే. మంచి చోటు కావాలంటే ముందుగా రావాలి. స్నేహితులు కలిసి వచ్చేవారు, కలిసే నిలబడేవారు. మధ్యమధ్య నడుమెత్తున ఇనుప కడ్డీలు ఉండేవి. బంతి గోల్ దగ్గరికి రాగానే వెనకవాళ్లు చూడటానికి ముందుకు ఒరిగేవారు. ఆ తోపుకి జనం అలలా పది మెట్లు కిందికి జారి, మళ్లీ వెనక్కి సర్దుకునేది. మ్యాచ్ మొదట్లో పక్కనున్నవాడు చివరికి ఎక్కడున్నాడో తెలిసేది కాదు. పిల్లల కోసం ఒక మూల వేరే ఆవరణ ఉండేది. అందులోంచి గోడెక్కి పెద్దవాళ్ల మధ్యలోకి దూరడం అక్కడి కుర్రాళ్లకు ఓ ఘనకార్యం.

ఆ రోజుల్లో జనసమ్మర్దానికి లెక్కే లేదు. 1923లో లండన్‌లోని వెంబ్లీలో జరిగిన మొదటి ఎఫ్‌ఏ కప్ (ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ) ఫైనల్‌కు అధికారికంగానే 1,26,047 మంది వచ్చారు. గోడలు దూకి వచ్చినవాళ్లు వేరే. జనం మైదానమంతా నిండిపోతే గుర్రపు పోలీసులు వాళ్లను నెమ్మదిగా గీత అవతలికి నెట్టాకే ఆట మొదలైంది. 1937లో గ్లాస్గోలోని హాంప్‌డెన్ పార్క్‌లో స్కాట్లండ్, ఇంగ్లండ్ మ్యాచ్‌కు 1,49,415 మంది హాజరయ్యారు. ఆ మైదానం హోరుకి ‘హాంప్‌డెన్ రోర్’ అనే పేరే స్థిరపడిపోయింది.

కానీ అప్పటి శబ్దం ఇప్పుడు మనం వింటున్నలాంటిది కాదు. చప్పట్లు, అరుపులు, చేత్తో తిప్పితే గరగరలాడే చెక్క గిలకల మోత. గ్యాలరీ మొత్తం ఒకే పాట పాడటం బ్రిటన్‌లో ఎక్కువగా 1960ల్లో ఊపందుకుంది. టీవీ వచ్చింది, క్లబ్బులు యూరప్ పోటీలకు వెళ్లడం మొదలైంది, బయటి దేశాల జనం ఎలా కేకలు వేస్తున్నారో వీళ్లూ చూశారు. లివర్‌పూల్‌లో అయితే ఆ కాలాన పాప్ సంగీతం ఊరంతా ఊపేస్తోంది. మ్యాచ్‌కు ముందు లౌడ్‌స్పీకర్లో వేసే హిట్ పాటలను కాప్ జనం గొంతు కలిపి పాడేవారు. 1945 నాటి ఒక అమెరికన్ సంగీత నాటకంలోని ‘యూ విల్ నెవర్ వాక్ ఆలోన్’ను 1963లో ఆ ఊరి బృందమే మళ్లీ పాడి హిట్ చేస్తే, కాప్ దాన్ని సొంతం చేసుకుంది. 1964లో బీబీసీ పనోరమా కార్యక్రమం కెమెరా తీసుకెళ్లి ఆటగాళ్లను వదిలేసి ఈ జనాన్నే చూపించింది. అభిమాని కూడా వార్తే అని టీవీకి తెలిసింది అప్పుడే అనుకుంటాను.

మిగతా ప్రపంచంలో కథ వేరేగా నడిచింది. రియో డి జెనీరోలో 1942లోనే ఫ్లమెంగో అభిమానులు బాజాలూ డప్పులతో ఒక దండు కట్టారు. 1950 ప్రపంచ కప్ చివరి మ్యాచ్‌లో మరకానా స్టేడియంలో టికెట్టు కొన్నవాళ్లే 1,73,850 మంది. 79వ నిమిషంలో ఉరుగ్వే ఆటగాడు గిజ్జా గోల్ కొట్టి 2-1 చేయగానే ఆ సముద్రమంత జనం మూగబోయింది. ఎంత పెద్ద హోరైనా గెలుపు తెచ్చిపెడుతుందన్న గ్యారంటీ లేదని చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. విచిత్రమేమిటంటే, ఆ టోర్నీలో బ్రెజిల్ జనం చేసిన సందడి స్ఫూర్తితోనే అదే ఏడాది అక్టోబరులో, అప్పటి యుగోస్లావియాలోని స్ప్లిట్ నగరంలో హైదుక్ క్లబ్ అభిమానులు ‘టోర్సిడా’ అనే సంఘం పెట్టుకున్నారు. యూరప్‌లో ఇలాంటి సంఘాల్లో అది తొలితరానిది. 1960ల చివర్లో ఇటలీలో ‘అల్ట్రాస్’ వచ్చారు. 1968లో ఏసీ మిలాన్ అభిమానులు కట్టిన ‘ఫోస్సా దెయి లియోని’ వాటిలో ముందుగా చెప్పుకునే పేరు. పెద్ద బ్యానర్లు, రంగు పొగలు, డప్పులు, ముందే అనుకుని చేసే నినాదాలు వీళ్ల పద్ధతి.

బ్రిటన్ గ్యాలరీల్లో ఆ ఆనందానికి వెనకే ప్రమాదం కూడా ఉండేది. 1946లో బోల్టన్‌లోని బర్న్‌డెన్ పార్క్‌లో తొక్కిసలాటలో 33 మంది చనిపోయారు. 1971లో గ్లాస్గో ఐబ్రాక్స్‌లో మెట్ల దారిలో 66 మంది. కమిటీలు వేశారు, నివేదికలు వచ్చాయి, గ్యాలరీలు చాలాచోట్ల అలాగే ఉండిపోయాయి. 1970ల్లో గూండాయిజం పెరిగితే దానికి మందుగా గ్యాలరీలకు ముందూ పక్కలా ఎత్తయిన ఇనుప కంచెలు కట్టారు. జనాన్ని ప్రేక్షకులుగా కాక, అదుపులో పెట్టాల్సిన మందగా చూడటం అప్పటినుంచి పోలీసులకూ, క్లబ్బులకూ, పత్రికలకూ అలవాటైంది. 1985 మే 11న బ్రాడ్‌ఫర్డ్‌లో చెక్క స్టాండ్ తగలబడి 56 మంది చనిపోయారు. అక్కడ ముందు కంచె లేదు కాబట్టే చాలామంది మైదానంలోకి దూకి బతికారు. 18 రోజుల తర్వాత బ్రస్సెల్స్‌లోని హేసెల్‌లో లివర్‌పూల్ అభిమానులు యువెంటస్ వాళ్ల మీదికి ఉరికినప్పుడు గోడ కూలి, తొక్కిసలాటలో 39 మంది పోయారు.

తర్వాత వచ్చింది హిల్స్‌బరో. 1989 ఏప్రిల్ 15, షెఫీల్డ్, ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్. బయట గుమిగూడిన లివర్‌పూల్ అభిమానుల కోసం పోలీసులు ఒక నిష్క్రమణ గేటు తెరిచారు. ఎదురుగా కనిపిస్తున్న సొరంగం దారిని మాత్రం మూయలేదు. ఆ దారి తిన్నగా అప్పటికే కిక్కిరిసిన, చుట్టూ కంచెలున్న మధ్య ఆవరణల్లోకి వెళ్తుంది. ముందు కంచె, వెనక తోపు. మూడు గంటలకు మొదలైన ఆట ఆరు నిమిషాలకే ఆగిపోయింది. మొత్తం 97 మంది ప్రాణాలు పోయాయి. చివరి వ్యక్తి ఆనాటి గాయాల ప్రభావంతో 2021లో చనిపోయాడు. తప్పు తాగొచ్చిన అభిమానులదేనని పోలీసులు చెప్పిన మాటను కొన్ని పత్రికలు అచ్చేశాయి. అభిమానుల తప్పేమీ లేదని, అది చట్టవిరుద్ధ మరణమని జ్యూరీ తేల్చడానికి 2016 దాకా పట్టింది.

జస్టిస్ టేలర్ విచారణ మాత్రం 1989లోనే అసలు కారణం పోలీసు నియంత్రణ వైఫల్యమని చెప్పింది. 1990 జనవరిలో వచ్చిన తుది నివేదిక పెద్ద స్టేడియాల్లో అందరికీ సీట్లు ఉండాలని సిఫారసు చేసింది. పై రెండు డివిజన్లలో 1994 నాటికి అది అమలైంది. ఆ ఏడాది ఏప్రిల్ 30న కాప్‌లో నిలబడి చూసిన చివరి మ్యాచ్ జరిగింది. లివర్‌పూల్ నార్విచ్ చేతిలో 0-1తో ఓడింది.

అప్పటినుంచి ‘కుర్చీలు వచ్చి హోరును చంపేశాయి’ అన్నది అభిమానుల నోట్లో నానిన మాట. నా ఉద్దేశంలో ఇది సగం నిజం. కుర్చీ కన్నా ఎక్కువ దెబ్బ కొట్టింది ధర. టేలర్ నివేదికలోనే ఒక లెక్క ఉంది: ఐబ్రాక్స్‌లో నిలబడితే 4 పౌండ్లు, కూర్చుంటే 6 పౌండ్లు. నిలబడేవాళ్ల జేబుకు తగ్గట్టే సీట్ల ధర పెట్టవచ్చని ఆయన ఆ ఉదాహరణ ఇచ్చాడు. క్లబ్బులు సీట్ల సిఫారసును తీసుకుని, ఆ మాటను పక్కన పెట్టేశాయి. 1992లో ప్రీమియర్ లీగ్, దానితో టీవీ డబ్బు వచ్చాయి. టికెట్టు ధరలు ఎగబాకాయి. అప్పటికప్పుడు గేటు దగ్గర డబ్బిచ్చి వచ్చే పదహారేళ్ల కుర్రాళ్ల గుంపు మాయమైంది. సీజన్ టికెట్టు చేతిలో ఉన్నవాడు ఏళ్ల తరబడి అదే సీటులో కూర్చుంటూ అక్కడే వయసు మీద పడ్డాడు. అతని స్నేహితుడికి ఇంకో బ్లాకులో సీటు దొరికింది. పాట ఎత్తుకోవాలంటే పక్కన అందుకునేవాడు ఉండాలి కదా.

2000 నవంబరులో మాంచెస్టర్ యునైటెడ్ కెప్టెన్ రాయ్ కీన్ సొంత మైదానంలోని ప్రేక్షకుల మీదే విరుచుకుపడ్డాడు. రొయ్యల శాండ్‌విచ్ తింటూ కూర్చునే కార్పొరేట్ అతిథులకు మైదానంలో ఏం జరుగుతోందో తెలియదన్నాడు. ఆ శాండ్‌విచ్ ఇంగ్లిష్ ఫుట్‌బాల్ భాషలో శాశ్వతంగా ఉండిపోయింది.

2016 ఫిబ్రవరి 6న ఆన్‌ఫీల్డ్‌లో సమస్య నేరుగా డబ్బు దగ్గరికే వచ్చింది. క్లబ్ 77 పౌండ్ల టికెట్టు ప్రకటిస్తే, సండర్లాండ్‌తో మ్యాచ్ 77వ నిమిషంలో దాదాపు 10 వేల మంది లేచి వెళ్లిపోయారు. అప్పటికి లివర్‌పూల్ 2-0 ఆధిక్యంలో ఉంది. చివరికి 2-2. జనం లేకపోవడం వల్లే గోల్స్ పడ్డాయని చెప్పలేం, కానీ యజమానులు కొన్ని రోజుల్లోనే క్షమాపణ చెప్పి ధర వెనక్కి తీసుకున్నారు. మరుసటి నెలలో ప్రీమియర్ లీగ్ క్లబ్బులు బయటి ఊరి నుంచి వచ్చే అభిమానుల టికెట్టుకు 30 పౌండ్ల గరిష్ఠ పరిమితి పెట్టాయి.

జర్మనీ వేరే దారి పట్టింది. అక్కడ దేశవాళీ మ్యాచ్‌లకు నిలబడే స్టాండ్లను ఉంచుకున్నారు, ధరలు తక్కువగానే ఉంచారు. డోర్ట్‌ముండ్‌లో గోల్ వెనకున్న దక్షిణ స్టాండ్‌లో దాదాపు 25 వేల మంది నిలబడతారు. యూరప్ పోటీల్లో సీట్లు తప్పనిసరి అయిన రోజుల్లో 81 వేల పైచిలుకు సామర్థ్యం సుమారు 66 వేలకు పడిపోయేది. ఆ స్టాండ్ ముందు, కంచెకు కట్టిన చిన్న వేదిక ఎక్కి ఒకరు మెగాఫోన్ పట్టుకుంటారు. వాళ్ల వీపు మైదానం వైపు ఉంటుంది. తమ జట్టు గోల్ కొట్టిందో లేదో ఎదుటి ముఖాలు చూసి తెలుసుకోవాలి. జనం చేతులు ఎప్పుడు లేపాలో, ఎప్పుడు ఆగాలో ఆ ఒక్కరే చెబుతారు.

అక్కడి అభిమానులకు మరో బలం కూడా ఉంది. 1998 నుంచి ఉన్న ‘50+1’ నియమం ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, క్లబ్‌లో ఓటింగ్ ఆధిక్యం సభ్యులదే. 2012లో లీగ్ కఠిన భద్రతా నిబంధనలు తెస్తుంటే, ఓటింగ్ తేదీ డిసెంబరు 12ను గుర్తుచేస్తూ ప్రతి మ్యాచ్‌లో మొదటి 12 నిమిషాల 12 సెకన్లు నోరు మెదపకుండా నిలబడ్డారు. అరిచి చేసే నిరసన కన్నా ఆ నిశ్శబ్దమే టీవీలో గట్టిగా వినిపించింది. 2024 ఫిబ్రవరిలో పెట్టుబడిదారును తెచ్చే ప్రతిపాదనకు వ్యతిరేకంగా మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరి ఆటలు ఆపారు. లీగ్ వెనక్కి తగ్గింది.

అలాగని సంఘాలన్నీ మంచివని కాదు. ఇటలీలో, అర్జెంటీనాలో కొన్ని ముఠాలు టికెట్ల దందా, బెదిరింపులు, హత్యల దాకా వెళ్లాయి. అర్జెంటీనాలో 2013లో ఒక అభిమాని మరణం తర్వాత ప్రత్యర్థి జట్టు అభిమానుల రాకనే నిషేధించారు. రెండు పక్షాల పాటలు ఢీకొనని స్టేడియంలో సగం మజా పోతుంది.

ఇంతకీ ఈ హోరు ఆటను మారుస్తుందా? 2002లో వెలువడిన ఒక ఇంగ్లిష్ పరిశోధనలో 40 మంది రెఫరీలకు ఒకే మ్యాచ్ టేపు చూపించారు, కొందరికి శబ్దంతో, కొందరికి శబ్దం లేకుండా. జనం గోల విన్నవాళ్లు సొంత మైదానంలో ఆడుతున్న జట్టు మీద తక్కువ ఫౌల్స్ ఇచ్చారు. జర్మన్ లీగ్ మీద థామస్ డోమెన్ చేసిన అధ్యయనంలో ఇంకా ఆసక్తికరమైన సంగతి బయటపడింది: మైదానం చుట్టూ పరుగు ట్రాక్ ఉండి జనం దూరంగా ఉన్నచోట రెఫరీల మొగ్గు తగ్గింది. కోవిడ్ ఈ ప్రయోగాన్ని ప్రపంచమంతా చేసి చూపించింది. 2020 మే 16న ఖాళీ స్టాండ్ల మధ్య జర్మన్ లీగ్ మళ్లీ మొదలయ్యాక సొంత మైదానపు లాభం బాగా తగ్గిందని, బయటి జట్లకు పసుపు కార్డులు తగ్గాయని వరసగా అధ్యయనాలు వచ్చాయి. ఇంగ్లండ్‌లో టీవీవాళ్లు వీడియో గేమ్‌లోని జనం అరుపులను తెచ్చి మ్యాచ్‌కు అతికించారు. వినడానికి బాగానే ఉండేది, కానీ అవకాశం చేజారినప్పుడు వచ్చే ఆ ‘అయ్యో’ అర సెకను ఆలస్యంగా పడేది.

ఆ ఖాళీ సీజన్ తర్వాతే బ్రిటన్ ప్రభుత్వం నిలబడే పద్ధతిని పరీక్షించింది. ప్రతి వరసకూ నడుమెత్తున కడ్డీ, దానికి మడిచిపెట్టే సీటు. ఒక మనిషికి ఒక చోటు, కాబట్టి పాత గ్యాలరీ తోపుడు ఉండదు. గ్లాస్గోలో సెల్టిక్ క్లబ్ 2016లోనే ఈ ఏర్పాటు చేసింది. 2022-23 సీజన్ నుంచి భద్రతా షరతులు పాటించే క్లబ్బులకు ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. అదే సీజన్‌లో యూరప్ పోటీల్లోనూ ఇంగ్లండ్, జర్మనీ, ఫ్రాన్స్ స్టేడియాల్లో ప్రయోగాత్మకంగా ఒప్పుకున్నారు.

కడ్డీల సంగతి అలా తేలింది. ధరల గొడవ మాత్రం తేలలేదు. 2024 చివర్లో మాంచెస్టర్ యునైటెడ్ సీజన్ మధ్యలో, సభ్యులకు అమ్మే టికెట్లలో మిగిలినవాటన్నిటికీ 66 పౌండ్లు పెట్టి, పిల్లలకూ వృద్ధులకూ ఉన్న రాయితీ తీసేసింది. అభిమానులు వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపారు.