శంషాబాద్-గన్నవరం ఫ్లైట్ ఎంతసేపు? అపోహలు - వాస్తవాలు

అపోహ: దూరాన్ని వేగంతో భాగిస్తే ప్రయాణ సమయం తేలిపోతుంది.

శంషాబాద్ నుంచి గన్నవరానికి గాలిదారిన సుమారు 265 కిలోమీటర్లు. ఈ దారిలో తిరిగే చిన్న ప్రొపెల్లర్ విమానం ఏటీఆర్-72 గంటకు 500 కిలోమీటర్ల దాకా పోతుంది. లెక్క కడితే 32 నిమిషాలు. టికెట్ మీద మాత్రం గంట, అటూఇటూగా ఉంటుంది. రెండూ తప్పు కాదు. టికెట్ మీది టైం గాల్లో ఉన్నంతసేపే కాదు. ఇక్కడ చక్రాలకు అడ్డుపెట్టిన దిమ్మెలు తీసిన క్షణం నుంచి, అవతల మళ్లీ దిమ్మెలు పెట్టేదాకా. దాన్ని బ్లాక్ టైం అంటారు. పెద్ద ఎయిర్‌పోర్టులో రన్‌వే మొదటికి చేరి, వంతు కోసం ఆగడానికే 10-15 నిమిషాలు పోతాయి. ఎక్కేటప్పుడు 500 వేగం ఉండదు, దిగేటప్పుడూ ఉండదు. గాలి మళ్లి రన్‌వే అవతలి కొస నుంచి దిగాల్సివస్తే చుట్టు తిరిగి రావాలి. పక్కన సమాంతరంగా టాక్సీవే (రన్‌వే నుంచి విమానం ఆగే చోటికి వెళ్లే దారి) లేని చిన్న ఎయిర్‌పోర్టుల్లోనైతే, దిగిన విమానం రన్‌వే మీదే వెనక్కి తిరిగి రావాలి. అప్పటిదాకా ఇంకో విమానం దిగడానికి లేదు.

"లేటుగా లేచినా పైలట్ తొక్కి టైంకి దించాడు" అంటుంటారు. ఇంత దూరంలో తొక్కి మిగిల్చేది రెండు మూడు నిమిషాలే. మిగతాదంతా షెడ్యూల్లో ముందే కలిపిపెట్టిన వెసులుబాటు.

అపోహ: జెట్ అయితే సగం టైంలో చేరతాం.

10,000 అడుగుల కింద 250 నాట్లు, అంటే గంటకు 463 కిలోమీటర్లు దాటకూడదు. జెట్‌కు 830 వేగం అందేది బాగా పైకెక్కాకే. గన్నవరం దారిలో ఎక్కడం అయ్యీ కాకముందే దిగడం మొదలవుతుంది. కలిసొచ్చేది 5-10 నిమిషాలు. సుమారు 420 కిలోమీటర్ల తిరుపతి దారిలో తేడా కాస్త కనిపిస్తుంది.

అపోహ: ఆన్‌లైన్లో దూరం 143 అనే ఉంది.

అవి నాటికల్ మైళ్లు. 1.852తో గుణించండి, 265 వస్తుంది.

అపోహ: శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు ఇంకో ఎయిర్‌పోర్టు వద్దన్న నిబంధన విమానాలు గుద్దుకోకుండా పెట్టింది.

కాదు, అది వ్యాపార ఒప్పందంలోని షరతు. శంషాబాద్‌కు పోటీగా ఆ దూరంలో ఇంకో ఎయిర్‌పోర్టు రాకూడదని. నిజాం కాలంలో 1930లో కట్టిన మన వరంగల్ మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025 ఫిబ్రవరిలో మినహాయింపు దొరికింది. "రోడ్డు మీద 160 దాటుతుంది కదా" అని వాదించి లాభం లేదు. ఆ షరతులో కొలత గాలిదారిది, అలా చూస్తే మామునూరు 150 లోపే.

అపోహ: గంట ఫ్లైటే కదా, గంట ముందు చేరితే చాలు.

ఫ్లైట్ చిన్నదైనంత మాత్రాన చెకిన్ కౌంటర్ ఆలస్యంగా మూయరు. దేశీయ విమానాలకు సాధారణంగా 60 నిమిషాల ముందు మూసేస్తారు, గేటు 20-25 నిమిషాల ముందు. వెనక నుంచి లెక్కేసుకోండి: ఫ్లైట్ సాయంత్రం 6కి, కౌంటర్ మూసేది 5కి, మీరు చేరాల్సింది 4కి. హన్మకొండ నుంచి జనగామ, భువనగిరి మీదుగా ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కి శంషాబాద్ చేరడానికి మూడు, మూడున్నర గంటలు. మధ్యాహ్నం 12:30కే కారెక్కాలి. అదే టైంకి వరంగల్ స్టేషన్లో సూపర్‌ఫాస్ట్ ఎక్కినవాళ్లు, మీరు సెక్యూరిటీ లైన్లో నిలబడేసరికి బెజవాడలో దిగి చాయ్ తాగుతుంటారు. తిరుపతికో, ఇంకా దూరానికో అయితేనే విమానం గిట్టుబాటు. మేడారం జాతర రోజుల్లో ఆ 12:30ని కనీసం 11:30 చేసుకోండి.